అతను తిరిగొచ్చాడని కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో పాత జపాన్ సినిమాల మీద వచ్చిన వ్యాసం చదివాను. యసుజిరో ఓజు 1930లో తీసిన మూకీ ‘సోనో యో నో త్సుమా’, అంటే ‘ఆ రాత్రి భార్య’, గురించి అందులో ఒక పేరా ఉంది. తెలుగు పత్రికలో జపాన్ మూకీకి చోటు దొరకడమే గొప్ప. అందుకు ముందుగా ధన్యవాదాలు. అయితే ఆ పేరాలో ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. “బిడ్డ కోసం దొంగగా మారిన తండ్రిని చూసి మనసు కరిగిన పోలీసు అతన్ని వదిలేస్తాడు. కుటుంబ బంధం ముందు చట్టం ఓడిపోతుంది” అని రాశారు. అంతటితో పేరా అయిపోయింది. వదిలేశాక ఏం జరిగిందో లేదు. ఆ మనిషి తిరిగొచ్చాడు సార్. ఎవరూ పట్టుకురాలేదు, తనంతట తనే ఆ పోలీసు ముందుకొచ్చి నిలబడ్డాడు. ఆ ముక్క రాయకపోతే కథ తిరగబడిపోతుంది.

నేను పోలీసు శాఖలో కానిస్టేబుల్‌గా చేరి హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ కాలం దొంగల్ని పట్టుకునే క్రైమ్ పార్టీలో, కొన్నాళ్లు స్టేషన్‌లో రికార్డులు రాసే రైటర్‌గా చేశాను. మా అమ్మాయి సెలవులకు వచ్చినప్పుడు ల్యాప్‌టాప్‌ని టీవీకి తగిలించి ఈ సినిమా పెట్టింది. “నాన్నా, మీ డిపార్ట్‌మెంట్ కథే, చూడండి” అంది. గంటకు కాస్త పైన ఉంటుంది. నేనూ మా ఆవిడా లేవకుండా చూశాం. తర్వాత నేనొక్కణ్ణే మళ్లీ పెట్టించుకుని చూశాను. అప్పటినుంచీ దీని గురించి ఎవరితోనైనా మాట్లాడాలని ఉంది. మీ వ్యాసం ఆ అవకాశం ఇచ్చింది కాబట్టి కాస్త పెద్ద ఉత్తరమే రాస్తున్నాను. కత్తిరించాల్సి వస్తే నా సంగతులు కత్తిరించండి, సినిమా సంగతులు ఉంచండి.

చూడనివారి కోసం కథ చెప్తాను. రాత్రివేళ, పెద్ద పెద్ద స్తంభాల భవనాలున్న ఆఫీసుల వీధి. బీట్ తిరుగుతున్న కానిస్టేబుల్ ఒకాయన, స్తంభాల దగ్గర పడుకున్న దిక్కులేని మనిషిని లేపి పంపించేస్తాడు. ఆ చిన్న వేషం వేసింది చిషు ర్యూ. తర్వాతి కాలంలో ఓజు సినిమాలంటే గుర్తొచ్చే ముఖం ఆయనదే. కాసేపటికి షూజి హషిజుమే అనే మనిషి ముఖానికి గుడ్డ కట్టుకుని, పిస్టల్ చూపించి, ఒక ఆఫీసులో ఉన్నవాళ్లను కట్టేసి డబ్బు పట్టుకుపోతాడు. పోలీసులు వెంటపడతారు. చీకటి సందులు, గోడల మీద నీడలు. అప్పటి అమెరికా క్రైమ్ సినిమాలను ఓజు ఎంత ఇష్టంగా చూశాడో ఈ భాగంలోనే తెలిసిపోతుంది. పారిపోతూనే ఆ మనిషి ఫోన్ బూత్‌లో దూరి డాక్టరుకు ఫోన్ చేస్తాడు. ఇంట్లో చిన్నపిల్ల మిచికోకి ప్రాణం మీదకొచ్చింది. ఈ రాత్రి గడిస్తే బతికినట్టే అంటాడు డాక్టరు. షూజి టాక్సీ ఎక్కి ఇంటికి చేరతాడు. ఆ టాక్సీ నడిపింది మఫ్టీలో ఉన్న డిటెక్టివ్ కగావా.

అక్కణ్ణుంచి దాదాపు సినిమా అంతా ఒకే గదిలో నడుస్తుంది. గోడల నిండా అమెరికా సినిమా పోస్టర్లు, రంగుల డబ్బాలు, ఆరేసిన బట్టలు. ఆ ఇంటాయన బొమ్మలు గీసి బతికేవాడని ఎవరూ చెప్పక్కర్లేదు. మంచం మీద పాప, పక్కనే తల్లి మయూమి. భర్త జేబులో పిస్టల్, నోట్లు చూసి ఆమెకు సంగతి అర్థమవుతుంది. పాప గండం గట్టెక్కితే తనే వెళ్లి లొంగిపోతానని షూజి అప్పుడే భార్యకు చెప్తాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. డిటెక్టివ్ తలుపు తట్టకముందే అతను ఆ మాటన్నాడు.

తలుపు చప్పుడవుతుంది. ఆమె భర్తను దాచిపెట్టి తలుపు తీస్తుంది. కగావా లోపలికొస్తాడు, ఇల్లంతా చూస్తాడు, కూర్చుంటాడు. ఆ తర్వాత జరిగేది చూసి మా ఆవిడ కుర్చీలో ముందుకు జరిగింది. కిమోనో కట్టుకున్న ఆ ఇల్లాలు మొగుడి పిస్టల్ తీసి డిటెక్టివ్‌కి గురిపెడుతుంది. అతని జేబులోని పిస్టల్ కూడా లాగేసుకుంటుంది. రెండు చేతుల్లో రెండు పిస్టల్స్‌తో అతని ఎదుట కాపలా కాస్తుంది. మొగుడు బయటికొచ్చి పాప తల మీద తడిగుడ్డ మారుస్తూ ఉంటాడు. తెల్లారేదాకా ఇదే. తెల్లవారుజామున ఆమెకు కునుకు పడుతుంది. కళ్లు తెరిచేసరికి పిస్టల్స్ కగావా చేతిలో ఉంటాయి.

అప్పుడైనా బేడీలు వేయొచ్చు. వేయడు. డాక్టరు వచ్చేదాకా ఆగుదామంటాడు. డాక్టరు వచ్చి పాపకిక భయం లేదని చెప్పి వెళ్లాక, కగావా నిద్రపోయినట్టు కళ్లు మూసుకుని ఉంటే, భార్య మొగుణ్ణి పారిపొమ్మంటుంది. అతను వెళ్తాడు. వెళ్లినవాడు తిరిగొస్తాడు. శిక్ష అనుభవించి కడిగేసుకుని వస్తానంటాడు. అతనూ కగావా ఇద్దరూ కలిసి వీధిలో నడుచుకుంటూ వెళ్తారు. అంతే కథ.

ఇప్పుడు నా మాట. వ్యాసకర్త “చట్టం ఓడిపోయింది” అన్నారు. జపాన్ చట్టం సంగతి వేరు కావొచ్చు. నాకు తెలిసినవి మన సెక్షన్లు, వాటితోనే చెప్తాను. నేను సర్వీసు చేసిన కాలమంతా ఐపీసీయే. పిస్టల్ చూపించి దోపిడీ చేశాడంటే 397. అందులో ఏడేళ్లకు తగ్గకుండా శిక్ష వేయాలి. ముద్దాయి ఇంట్లో పాపకు జబ్బు చేసిందని తగ్గించే వీల్లేదు. మంచం మీదున్న పాప చదువుకునే వయసు వచ్చేదాకా తండ్రి బయటికి రాడు. గుమ్మం దాటినవాడు వెనక్కి తిరిగొచ్చింది అలాంటి శిక్షకు. వీధిలోకి వెళ్లాక అతను ఏం ఆలోచించాడో ఓజు అక్షరాల్లో వేసి చెప్పలేదు. నాకు మాత్రం ఆ ఏడేళ్లు కనపడ్డాయి.

ఇక భార్య. భర్తను దాచడం నేరమేనా అని చాలామంది అడుగుతారు. 212వ సెక్షన్ నేరస్తుడికి ఆశ్రయమిచ్చినవాళ్ల మీద పెట్టేది. అందులోనే ఒక మినహాయింపు ఉంది. భార్య భర్తను దాచినా, భర్త భార్యను దాచినా ఆ సెక్షన్ వర్తించదు. 1860 నాటి చట్టంలోనే రాసి పెట్టారు, ఐపీసీ స్థానంలో 2024 జులైలో అమల్లోకొచ్చిన కొత్త భారతీయ న్యాయ సంహితలోనూ ఉంచారు. అంటే “మా ఆయన ఇంట్లో లేరండీ” అని గుమ్మంలో నిలబడి అబద్ధం చెప్పే ఇల్లాలి మీద ఆశ్రయం కేసు పెట్టొద్దని చట్టమే చెప్తోంది. కుటుంబ బంధం ముందు చట్టం ఓడిపోవడం కాదిది, చట్టమే తలవంచి దారివ్వడం. కానీ ఆ దారి భార్యాభర్తలకే. కొడుకును అటక మీద దాచిన తల్లికి ఆ మినహాయింపు లేదు. ఇది నాకు ఎప్పుడూ మింగుడు పడలేదు. తల్లుల మీద ఆ కేసు పెట్టొద్దని పై ఆఫీసర్లను బతిమాలిన సందర్భాలున్నాయి. ఇప్పటికీ ఆ సెక్షన్‌లో తల్లిదండ్రుల్ని కూడా చేర్చాలనే నా అభిప్రాయం.

మయూమి అక్కడితో ఆగలేదు. పిస్టల్ ఎత్తింది. చట్టప్రకారం చేస్తున్న అరెస్టును అడ్డుకుంది. అది 225. ప్రభుత్వోద్యోగి మీద దౌర్జన్యం, అది 353. తలుపు తీసినప్పుడు ఆమె చట్టం క్షమించే మనిషి. రెండో పిస్టల్ లాక్కునేసరికి ముద్దాయి. ఆ రెంటికీ మధ్య ఆమె వేసింది నాలుగడుగులు. సినిమాలో ఆ నాలుగడుగులనూ ఆమె ముఖంలో చూపించారు. ఎమికో యగుమో అనే నటి. పిస్టల్ పట్టుకున్న ఇల్లాలంటే మన సినిమాల్లో కళ్లెర్రజేస్తుంది, డైలాగ్ చెప్తుంది. ఈమె రెండూ చేయదు. చేస్తున్నది తప్పని తెలిసిన మనిషి ముఖం అది. భయం కూడా కనపడుతుంది. అయినా చేతులు దించదు.

మూడోవాడు డిటెక్టివ్. వ్యాసంలో ఇతన్ని “మనసు కరిగిన పోలీసు” అన్నారు. అతను చేసింది ఏమిటో ఒక పోలీసుగా చెప్పనివ్వండి. అరెస్టు చేయాల్సిన ఉద్యోగి కావాలని వదిలేస్తే 221 కింద అతనే జైలుకు పోతాడు. ఉద్యోగం, పెన్షన్ సంగతి తర్వాత. కగావా కళ్లు మూసుకున్న క్షణాన అతను కూడా నేరం చేసినట్టే లెక్క. అంటే తెల్లారేసరికి ఆ గదిలో పెద్దవాళ్లు ముగ్గురూ తప్పు చేసినవాళ్లే. మొగుడు దోపిడీ చేశాడు, భార్య అరెస్టును అడ్డుకుంది, పోలీసు వదిలేశాడు. ముగ్గురూ చేసింది మంచం మీద పడుకున్న పసిపిల్ల కోసమే. షూజి గనక ఆ పొద్దున తిరిగి రాకపోయి ఉంటే కగావా పని అయిపోయేది. టాక్సీ డ్రైవరై వెంటపడి, రాత్రంతా ఇంట్లో కూర్చుని, తెల్లారాక ముద్దాయిని పోగొట్టుకున్నానని స్టేషన్‌కు వెళ్లి ఏమని రాస్తాడు కేసు డైరీలో?

అందుకే అతను తిరిగి రావడం ఒట్టి పశ్చాత్తాపం అనుకోను. రాత్రంతా తన ఇంట్లో ఓపికపట్టి కూర్చున్న మనిషిని కూడా అతను కాపాడాడు. మొదట్లో అతని నమ్మకమంతా భార్యాబిడ్డల దాకానే. వాళ్ల కోసం ఎవరినైనా కట్టిపడేస్తాడు, ఎవరి డబ్బయినా లాక్కుంటాడు. తిరిగొచ్చినప్పుడు ఆ వరసలో ఒక పరాయివాడు, అదీ తనను పట్టుకోవడానికొచ్చినవాడు చేరాడు. ఈ ముక్క వదిలేసి “పోలీసు వదిలేశాడు” అని ఆపేస్తే కగావాకూ అన్యాయం, షూజికీ అన్యాయం.

ఇలాంటి ఇళ్లలో నేనూ కూర్చున్నాను కాబట్టి ఒక సంగతి చెప్తాను. ఊరి పేరు, మనుషుల పేర్లు చెప్పను. ట్రాన్స్‌ఫార్మర్లు పగలగొట్టి రాగి తీగ అమ్ముకునే ముఠా కేసులో ఒక మనిషి కోసం తెల్లవారుజామున వెళ్లాం. భార్య గుమ్మంలో నిలబడి ఆయన ఇంట్లో లేడంది. లోపల్నుంచి దగ్గు వినపడింది. ఎస్సైగారు లోపలికి తొంగి చూసి ఆగిపోయారు. మనిషి పారిపోయే ప్రయత్నంలో లేడు. నులకమంచం పట్టె మీద కూర్చుని, జ్వరంతో కాలిపోతున్న పిల్లాడి పాదం అరచేతిలో పెట్టుకుని ఉన్నాడు. ఫిట్స్ వచ్చి తగ్గాయట. ఆర్‌ఎంపీకి కబురు పెట్టారు. ఎస్సైగారు నన్ను అరుగు మీద కూర్చోమన్నారు, తనూ కూర్చున్నారు. ఆ ఇల్లాలు చెంబుతో నీళ్లు తెచ్చి మా వైపు చూడకుండా గడప మీద పెట్టి వెళ్లింది. ఆర్‌ఎంపీ వచ్చి సూది మందు వేసి, చెమట పట్టేదాకా ఉన్నాడు. అప్పుడా మనిషి లేచి, చొక్కా వేసుకుని వస్తానన్నాడు. బొత్తాలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకున్నాడు. ఆమె దగ్గరికొచ్చి, అన్నీ విప్పి, పైనుంచి కిందిదాకా మళ్లీ పెట్టింది. కాలర్ సర్దింది. ఒక్క మాట మాట్లాడుకోలేదు.

ఆ ఎస్సైగారి మీద నాకు ఇప్పటికీ గౌరవం. కానీ అంతసేపూ పెరటి గుమ్మం దగ్గర మా కానిస్టేబుల్ ఒకడు లాఠీ పట్టుకుని నిలబడే ఉన్నాడు. అదే మా పద్ధతి. తప్పని కూడా అనను, మనిషి పారిపోతే జవాబు చెప్పాల్సింది మేమే. కగావా పెరటి గుమ్మం దగ్గర ఎవర్నీ పెట్టలేదు. అందుకే అతను నన్ను అంతగా పట్టుకున్నాడు. నేను చూసిన అరెస్టుల్లో ఎక్కువ మంది వచ్చింది వేరే దారి లేకనే. దారి తెరిచి ఉంచితే వస్తాడా రాడా అని చూసే ధైర్యం నేను పనిచేసిన ఏ స్టేషన్‌లోనూ ఎవరికీ లేదు.

మా ఆవిడ మాట కూడా రాయాలి. సినిమా అయ్యాక “ఆఫీసులో కట్టేసినవాళ్లని ఎవరు విప్పారు?” అంది. మంచి ప్రశ్న. క్రైమ్ సినిమాల్లో దెబ్బతిన్నవాళ్లను మొదటి పది నిమిషాల్లో మర్చిపోతారు. ఇందులోనూ వాళ్లు మళ్లీ కనపడరు. కానీ పాప బతికాక కూడా షూజి జైలుకు వెళ్లాల్సిందేనని సినిమా పట్టుబట్టడంలో వాళ్ల లెక్క ఉందని నేనన్నాను. బిడ్డ ప్రాణానికి బదులుగా ఆ దోపిడీ కొట్టివేత కాలేదు. మా ఆవిడ ఒప్పుకుందో లేదో తెలియదు గానీ, “బిడ్డ జ్వరం దిగేదాకా మాత్రం ఎవరైనా ఆగాల్సిందే” అంది.

ఆ రోజుల సంగతి కూడా ఒక్క మాట. 1930 అంటే ప్రపంచమంతా పట్టిన ఆర్థిక మాంద్యం జపాన్‌నూ పట్టిన ఏడాది. అక్కడ జాతీయ ఆరోగ్య బీమా చట్టం 1938లో గానీ రాలేదు. డాక్టరు ఫీజు, మందుల ఖర్చు అన్నీ ఇంటాయన జేబులోంచే. కథ అమెరికా రచయిత ఆస్కార్ షిస్గాల్‌ది. దాన్ని జపాన్ గదిలోకి దించింది స్క్రీన్‌ప్లే రాసిన కోగో నోడా. అద్దెకట్టే మనిషి, పోస్టర్లు అతికించుకున్న గోడ, జబ్బుపడ్డ పాప చూశాక ఇది అరువు కథ అనిపించదు. షోచికు కంపెనీ కమతా స్టూడియోలో తీశారు. సినిమా అంతా ఒకే గదిలో, ఒక షాట్ నుంచి ఇంకో షాట్‌కి అతుకు తెలియకుండా తీయడానికి చాలా కష్టపడ్డానని ఓజు తర్వాత చెప్పుకున్నాడు. స్టూడియో పెద్ద షిరో కిడోకి సినిమా బాగా నచ్చి, వేడినీటి బుగ్గలున్న ఊరికి వెళ్లి విశ్రాంతి తీసుకోమని పంపించాడట. వస్తూ వస్తూ ఒక సినిమా తీసుకుని రమ్మన్నాడట కూడా. అలా తీసిన సినిమా ఇప్పుడు ఎక్కడా లేదు. ఓజు మొదటి సినిమా, 1927 నాటిది, అదీ లేదు.

మూకీ కాబట్టే ఈ కథ ఇంత బలంగా తగిలిందని నా నమ్మకం. ఇంటరాగేషన్‌లో నోటితో చెప్పేది వినకండి, చేతులు చూడండి అని నాకు పని నేర్పిన పాత హెడ్డుగారు అనేవారు. ఓజు చేసింది అదే. పిస్టల్ పట్టుకున్న చేతులు, తడిగుడ్డ పిండే చేతులు, జేబులో పెట్టుకున్న చేతులు. మధ్యమధ్య తెర మీద పడే మాటలు తక్కువ. మా అమ్మాయి పెట్టిన ప్రింటుకు పియానో సంగీతం జతచేశారు. రెండోసారి నేను సౌండ్ పూర్తిగా తీసేసి చూశాను. ఆ రోజుల్లో జపాన్ హాళ్లలో తెర పక్కన నిలబడి కథ చెప్పే బెన్షీలు ఉండేవారని, వాళ్ల మాటల కోసమే జనం వెళ్లేవారని చదివాను. అయినా ఇంట్లో చూసేవారికి నా సలహా, ఒకసారి ఏ చప్పుడూ లేకుండా చూడమని. ఆ గదిలో ముగ్గురు ఊపిరి పీల్చడం వినపడినట్టే ఉంటుంది.

షూజిగా నటించిన తొకిహికో ఒకాదా గురించి తెలిశాక నాకు మనసు కలుక్కుమంది. క్షయతో 1934లో పోయాడు, ముప్పై దాటీ దాటకుండానే. అప్పటికి ఆయన సొంత కూతురికి ఏడాది. ఆ అమ్మాయే మరికో ఒకాదా, తర్వాత పెద్ద నటి అయింది. స్కూల్లో చదివే రోజుల్లో ఒక పాత మూకీ చూసి వచ్చి ఇంట్లో చెప్తే, అందులో వేషం వేసింది మీ నాన్నేనని తల్లి అప్పుడు చెప్పిందట. 1960లో, 1962లో ఓజు సినిమాల్లోనూ ఆమె నటించింది. కూతురి కోసం దొంగగా వేసిన తండ్రితో సినిమా తీసినాయనే, ముప్పై ఏళ్ల తర్వాత ఆ తండ్రి సొంత కూతురితోనూ తీశాడు.

మన సంగతికొస్తే, 1930 జులైలో ఈ సినిమా విడుదలైనప్పటికి తెలుగు తెర ఇంకా మాట్లాడలేదు. ‘భక్త ప్రహ్లాద’ వచ్చింది 1932లో. అంతకుముందు రఘుపతి వెంకయ్యనాయుడు, ఆయన కొడుకు ప్రకాష్ 1921లో తీసిన ‘భీష్మ ప్రతిజ్ఞ’ పేరు చెప్పుకోవడమే తప్ప చూడ్డానికి ప్రింటు లేదు. దాని గురించి మనకు తెలిసిందంతా ఎవరో రాసిపెట్టిన నాలుగు ముక్కలే. అందులో ఒక ముక్క తప్పయితే సరిచేసుకునే దారి కూడా లేదు. ‘ఆ రాత్రి భార్య’ ప్రింటు అదృష్టవశాత్తూ మిగిలింది. అమెరికాలో 2015లో ఓజు మూడు మూకీ క్రైమ్ సినిమాలను కలిపి డీవీడీగా తెచ్చారు, అందులో ఇదీ ఉంది. అయినా మీ పాఠకుల్లో చాలామంది దాన్ని చూడరు, మీ పేరాతోనే గుర్తుపెట్టుకుంటారు. పోలీసు వదిలేస్తే దొంగ పారిపోయిన కథగానే గుర్తుపెట్టుకుంటారు. నా ఇబ్బంది అదీ.

వ్యాసకర్త మీద నాకు కోపం లేదు. స్థలాభావం ఉంటుందని తెలుసు. ఇన్ని దేశాల సినిమాలు చూసి, తెలుగులో పరిచయం చేస్తున్నందుకు ఆయనకు నమస్కారం. వచ్చే ఆదివారం రెండు సవరణలు వేయమని మాత్రం కోరుతున్నాను. ఒకటి, పారిపోయే అవకాశం ఇచ్చినా షూజి హషిజుమే తిరిగొచ్చి లొంగిపోయాడని. రెండోది చిన్నదే. వ్యాసంలో భార్యాభర్తలుగా నటించినవాళ్ల పేర్లు వేశారు, డిటెక్టివ్‌ను “ఒక పోలీసు” అని ఊరుకున్నారు. ఆయన పేరు తోగో యమమోతో. అంతకుముందు అమెరికా వెళ్లి అక్కడి మూకీల్లోనూ నటించి వచ్చినవాడు. ఆ పేరు కూడా వేయండి.

ఇట్లు,
విశ్రాంత హెడ్ కానిస్టేబుల్,
గుంటూరు జిల్లా.
(పేరు ప్రచురించవద్దని మనవి.)